పది నిమిషాల నీళ్లు, పెద్దాయన వాము

అగ్నిమాపక శాఖలో కొత్తగా చేరిన తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే అడుగుతారు: "అన్నా, మీ సర్వీసులో మర్చిపోలేని మంట ఏది?" వాళ్లకు కావలసిన జవాబు నాకు తెలుసు. చిలకలూరిపేట వైపు పత్తి మిల్లు ఒకటి తగలబడాలి, పైకప్పు రేకులు గాల్లోకి లేవాలి, నేను పొగలోంచి ఎవరినో ఒకరిని భుజాన వేసుకుని నడిచి రావాలి. పత్తి మిల్లులు తగలబడ్డాయి, కాదనను. కానీ పత్తి మంటలో చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. అది లోలోపల కాలుతూ ఉంటుంది, మనం బేళ్లు ఒక్కొక్కటే విప్పి తడుపుతూ ఉంటాం. చివరికి ఓనరు, మనం, పత్తి ముగ్గురం ఒకే రంగులోకి వస్తాం. ఆర్పిన మంటలన్నీ నాకు కలగాపులగం అయిపోయాయి. ఆర్పకుండా వదిలేసిన గడ్డివాము ఒకటుంది. అది మాత్రం బాగా గుర్తుంది.

ముందు నా సంగతి రెండు ముక్కలు చెప్పాలి. నేను పదో తరగతితో బడికి దణ్ణం పెట్టినవాణ్ణి. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను, మా నాన్న కిరాణా కొట్టులో నూనె డబ్బాల మధ్య. ఏ డబ్బాలో ఎంత పడుతుంది, ఎంతసేపట్లో ఖాళీ అవుతుంది, ఇంట్లో ఎంతమందికి ఎన్నాళ్లొస్తుంది అన్నది చూడగానే మనసులో కట్టేసేవాణ్ణి. అది తెలివి అనుకునేవాణ్ణి. ఇంట్లోవాళ్లు జబ్బు అనేవారు. ఆ జబ్బుతోనే పల్నాడులో ఒక చిన్న పట్టణం ఫైర్ స్టేషన్లో చేరి, లీడింగ్ ఫైర్‌మ్యాన్ దాకా ఎదిగి, మోకాలు మొండికేసేసరికి గడువుకు ముందే ఇంటికి వచ్చేశాను.

చేరేటప్పుడు మంటలు ఆర్పుతాననుకున్నాను. ఆ అపోహ తొందరగానే పోయింది. నాయకుల హెలికాప్టరు దిగే చోట దుమ్ము లేవకుండా నీళ్లు చల్లడం, ఆవిష్కరణకు ముందు విగ్రహానికి తలస్నానం చేయించడం, బావిలో పడ్డ గేదెను పైకి లాగడం, సెల్ టవరెక్కిన ప్రియుణ్ణి బతిమాలి దింపడం, వీటన్నిటి మధ్యా తీరిక దొరికితే మంటలు. మా ట్యాంకు నీళ్లలో నిప్పు మీద పడ్డవి ఎన్ని, దుమ్ము మీద పడ్డవి ఎన్ని అని ఒకసారి లెక్కేద్దామనుకున్నాను. సర్వీసు మిగిలి ఉండగా అలాంటి లెక్కలు ఆరోగ్యానికి మంచివి కావని మానుకున్నాను.

ఒక్క లెక్క మాత్రం మానలేదు. బండిలో నాలుగున్నర వేల లీటర్ల నీళ్లుంటాయి. ఒక పైపు నిండుగా వదిలితే పది నిమిషాలు వస్తాయి. రెండు పైపులు పెడితే ఐదు. ఆ తర్వాత మనం కూడా ఊళ్లోవాళ్లతో పాటు నిలబడి చూడటమే. ఈ సంగతి జనానికి చెప్పి చూడండి, ఒక్కరు నమ్మరు. వాళ్ల లెక్కలో ఫైరింజను అంటే కృష్ణానదికి చక్రాలు బిగించినట్టు.

ఎండాకాలం మొదట్లో ఊరూరా తిరిగి జనానికి జాగ్రత్తలు చెప్పే పని కూడా మాదే. కొండవీడు కొండలు దూరంగా కనపడే ఒక ఊరికి అలా వెళ్లాం. మా వైపు ఊళ్లకు బడి లేకపోయినా సర్దుకుంటారు గానీ, ఆర్చి లేకపోతే పరువు తక్కువ. ఈ ఊరికి ఆర్చి ఉంది. ఊళ్లో సగం పొలం ఉన్న పెద్దాయన దాన్ని తన తండ్రి పేరు మీద కట్టించాడు. రెండు స్తంభాలు, పైన రెండు సింహాలు, సింహాల మధ్య దూలం అంచు కిందికి గడ్డం దిగిన తండ్రిగారి బొమ్మ. సింహాల కంటే తండ్రిగారికే కోపం ఎక్కువగా ఉన్నట్టు చెక్కారు.

ఏ ఊరికి పోయినా నేను ముందు ఆర్చి కొలుస్తాను. మా బండి పైన నిచ్చెన ఉంటుంది, దానితో కలిపి ఎత్తు చూసుకోవాలి. వెదురుకర్రకు టేపు కట్టి కొలుస్తుంటే మా డ్రైవర్ స్టీరింగు మీద వాలి చూస్తున్నాడు. మాచర్ల వైపు మనిషి, మాటకు ముందు వెనకలు ఉండవు.

"ఏందన్నా, ఆర్చికి చొక్కా కుట్టిస్తన్నావా?"

"జానెడు తేడాతో పోద్ది మన బండి," అన్నాను.

"పోద్దిగా! ఇంక దిగు."

ఈలోపు పెద్దాయన తన మనుషులతో వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. "ఏందయ్యా కొలతలు? మిరపకాయ టిక్కీ బస్తాలు నిండా ఏసుకుని ట్రాక్టరు పోద్ది దీని కింద. నీ బండి అంతకన్నా గొప్పదా?"

"గొప్పదేం కాదండీ. కాస్త ఎత్తు, అంతే. దీనికింద రోడ్డు ఎత్తు మాత్రం ఇంక పెంచకండి."

"మా ఊళ్లో రోడ్లేయడం కూడానా! నువ్వు చానా ఆశ మనిషివయ్యా," అని ఆయన నవ్వాడు. ఆయన మనుషులు కూడా నవ్వారు, ఒక్క క్షణం ఆలస్యంగా.

తర్వాత మీటింగు. గడ్డివాములు ఒకదానికొకటి ఆనించి వేయొద్దని చెప్పాను. కల్లాలకు దగ్గరగా అసలే వద్దన్నాను. అందరూ బుద్ధిగా తలలూపారు. తలలూపినవాళ్ల వెనకాలే వాములు వరసగా భుజాలు రాసుకుని నిలబడి ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది పెద్దాయనది, మేడంత. ఆ వరస చివర పశువుల పాక ఒకటి, దాన్ని దాటగానే మిరప కల్లం.

ఆ కల్లం కౌలు చేసుకునే ఒకామెది. పొలం పెద్దాయనదే. ఆమె, ఆమె భర్త కౌలుకు తీసుకుని మిరప వేశారు. ఆ సంవత్సరమంతా వాళ్లిద్దరూ ఏం చేశారో ఆ కల్లం మీద ఎర్రగా ఆరబోసి ఉంది. అది అమ్ముడైతేనే వాళ్లకు వచ్చే ఏడు గడిచేది. మీటింగులో మాట్లాడిన ఆడమనిషి ఆమె ఒక్కతే.

"అన్నా, ఒక మాట. కాయ మీద నిప్పు పడితే బూడిద. నీ నీళ్లు పడితే తెల్లగా తాలు తేలుద్ది, కొనేవోడుండడు. మరి నువ్వొచ్చి మాకేం చేస్తావు?"

"ఆలోచించి చెప్తానమ్మా," అన్నాను. ప్రభుత్వ ఉద్యోగి నోట ఈ మాట ఆమె చాలాసార్లు విన్నట్టుంది. మళ్లీ అడగలేదు.

మేం వచ్చేసిన తర్వాత ఆ ఊళ్లో ఒక అభివృద్ధి కార్యక్రమం జరిగింది. పెద్దాయనకు ఎదురు వర్గం ఒకటుంది. లేకపోతే అది మా జిల్లా ఊరే కాదు. ఆర్చి మీద ఆయన తండ్రి కొలువుతీరడం వాళ్లకు మింగుడు పడలేదు. కూలగొడితే పోలీసు కేసు. అందుకని పిల్లల క్షేమం పేరు చెప్పి, సరిగ్గా ఆర్చి కిందనే ఒక స్పీడ్ బ్రేకరు పోయించారు. మామూలు బ్రేకరు కాదు, ఎద్దు మూపురమంత. పెద్దాయన కారు తండ్రిగారి విగ్రహం కింద రోజూ కడుపు గీసుకుంటూ దాటాలన్నది అసలు ఉద్దేశం. పెద్దాయన దాన్ని తీయించలేదు. తీయిస్తే వాళ్లు గెలిచినట్టు. ఇలా రెండు వర్గాలూ కలిసి, ఒకరి మీద ఒకరు కోపంతో, నేను కొలిచిన జానెడు ఖాళీని పూడ్చేశాయి. ఈ సంగతి మాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

ఎండలు ముదిరాయి. ఒక మిట్టమధ్యాహ్నం స్టేషన్ ఫోను మోగింది, మాట్లాడి పెట్టగానే మళ్లీ మోగింది. ఆ ఊరినుంచే. వాములంటుకున్నాయి. ఎలా అంటుకున్నాయని అడిగితే ఒకడు కరెంటు తీగ అన్నాడు, ఒకడు బీడీ అన్నాడు, మూడోవాడు ఎదురు వర్గం అన్నాడు. పక్క స్టేషను బండి కూడా కావాలని అడిగాం. అది ఎవరో నాయకుడు దిగబోయే మైదానంలో దుమ్ము అణుస్తోందట. నాయకుడు ఇంకా బయలుదేరలేదట. అయినా దుమ్ము సిద్ధంగా ఉండాలి కదా.

మేం నలుగురం బయలుదేరాం. నేను, డ్రైవర్, ఇంజనీరింగ్ చదివి కొత్తగా చేరిన ఒక కుర్ర ఫైర్‌మ్యాన్, ఇంకొక పాత ఫైర్‌మ్యాన్. ఆర్చి దగ్గరికి రాగానే డ్రైవర్ బ్రేకు నొక్కి తల బయటపెట్టాడు.

"అన్నా, ఈ మూపురం ఎప్పుడు మొలిచింది?"

దిగి చూశాను. ముందు చక్రాలు బ్రేకరు ఎక్కితే నిచ్చెన కొస వెళ్లి పెద్దాయన తండ్రి గడ్డం కింద ఆగుతుంది. రెండు వేళ్ల మందం తేడా. అవతల పొగ నల్లగా లేస్తోంది. ఊరంతా మా చుట్టూ మూగింది. అందులో సగం మంది చేతుల్లో ఫోన్లు, ఆగిపోయిన ఫైరింజన్ను వీడియో తీస్తున్నారు. మంట ఎటూ కాలుతూనే ఉంటుంది, ఫైరింజను ఇరుక్కోవడం రోజూ దొరకదు.

"బ్రేకరు తవ్వండి, గునపాలు తెండి!" అని అరిచాను.

ఎదురు వర్గం మనిషి ఒకడు బ్రేకరు మీదకు వచ్చి నిలబడ్డాడు. "ఇది పిల్లల కోసం ఏసింది సారూ. తవ్వితే ఊరుకోం. అడ్డమొచ్చేది ఆర్చి. దాన్ని కొట్టండి."

"ఆర్చి మీద చెయ్యెయ్యి, సూస్తా!" అన్నాడు పెద్దాయన మనిషి.

"ఎయ్యకపోతే ఏం పీకుతావురా?"

"ఒరేయ్, నీ వాము కూడా ఆడే ఉందిరా!"

"ఉంటే ఉండనియ్, కాలితే నీది ముందు కాలుద్ది!"

సరే, నిచ్చెనే దించుదామని కుర్రవాడూ నేనూ పైకెక్కాం. అంతకుముందే మా అగ్నిమాపక వారోత్సవాలు ఘనంగా జరిగాయి. తనిఖీకి వచ్చేవారి కోసం బండికి ఎర్రరంగు వేయించారు. ఎంత శ్రద్ధగా వేశారంటే నిచ్చెన బోల్టుల మీదా, పట్టీల మీదా, వాటి సందుల్లోనూ రెండు పూతలు పూశారు. బండి, బోల్టు, నిచ్చెన ఒకే పోతలో పోసినట్టు మెరుస్తున్నాయి. రెంచి తిప్పితే రెంచి జారింది గానీ బోల్టు కదల్లేదు.

"ఇది ఊడదు సార్," అన్నాడు కుర్రవాడు.

"తనిఖీలో మనకే మొదటి బహుమతి వచ్చింది, ఎట్టా ఊడుద్ది?" అన్నాడు కిందనుంచి డ్రైవర్. అని, తలుపు తీసి మెట్టు మీద నిలబడి గొంతెత్తాడు. "ఒరేయ్, మీ తగువు రేపు పెట్టుకుందురు గానీ, ఎక్కండ్రా బండి! లావుగా ఉన్నోళ్లు ముందు! పక్కలకి పట్టుకుని ఏలాడండి, పైకి మాత్రం ఎక్కమాకండి!"

వాడి ఆలోచన నాకప్పుడు అందింది. బరువు పడితే బండి స్ప్రింగుల మీద కుంగుతుంది. ఎంత బరువుకు ఎంత కుంగుతుందని నేను లెక్క మొదలుపెట్టేలోపే జనం ఎక్కేశారు. ఫైరింజను ఎక్కే అవకాశం వస్తే మా వైపు వర్గాలు గుర్తుండవు. బ్రేకరు వాడూ, ఆర్చి వాడూ ఒకే కడ్డీ పట్టుకుని, ఒకడి ముఖం ఒకడు చూడకుండా వేలాడారు. నేను కిందికి దిగి, నేల మీద పడుకున్నంత పని చేసి నిచ్చెన కొసనే చూస్తున్నాను. బండి మూలిగి, కుంగి, మూపురమెక్కి, గీరుకుంటూ దాటింది. తండ్రిగారి గడ్డం నుంచి కాస్త సిమెంటు మా నిచ్చెన వెంట వచ్చింది. ఆ ఊరి చరిత్రలో రెండు వర్గాలూ కలిసి చేసిన పని అదొక్కటేనని తర్వాత విన్నాను.

కల్లాల దగ్గరకు వెళ్లేసరికి వరసలో మొదటి వాములు బూడిదగా కూలుతున్నాయి. పెద్దాయన వాము నిలువునా అంటుకుని ఉంది. గాలి అటునుంచి పాక మీదుగా కల్లం వైపు కొడుతోంది. పాక కప్పు తాటాకు. అది అంటుకుంటే మిరపకాయలకు ఇంక అడ్డం లేదు. ఆమె, భర్త, ఇరుగుపొరుగు ఆడవాళ్లు కాయను పారలతో ఒకచోటికి తోస్తున్నారు. ఎండిన కాయ, ఎంతకని కుప్ప అవుతుంది?

పెద్దాయన ఎదురొచ్చాడు. అప్పుడు ఆయన చేతిలో ఒకే ఫోను ఉంది, అది చెవి దగ్గర ఉంది. "ఏందయ్యా ఇంతసేపు! కొట్టు, నా వాము మీద కొట్టు! రెండు పైపులూ పెట్టు!"

చుట్టూ ఉన్నవాళ్లు అందుకున్నారు. "పెద్దాయన వాము మీద కొట్టండి!" కుర్ర ఫైర్‌మ్యాన్ పాపం చదువుకున్నవాడు. ఇంతమంది చెబుతుంటే నిజమే అయి ఉంటుందనుకుని నాజిల్ అటు తిప్పాడు. నీళ్లు వెళ్లి మంటలో పడ్డాయి. బుస్సున ఆవిరి లేచింది. జనం ఈలలు వేశారు. వాము మాత్రం పట్టించుకోలేదు.

తమ్ముళ్లూ, మీకు క్లాసులో ఇది చెప్పే ఉంటారు, ఊళ్లోకెళ్లాక మర్చిపోతారు. అంత ఎత్తున అంటుకున్న వామును ఆర్పాలంటే మా బండిలాంటివి నాలుగైనా కావాలి. ఆర్పాక మిగిలేది మాడిన తడిగడ్డి, దాన్ని గేదె వాసన కూడా చూడదు. అంటే నా చేతిలో ఉన్న పది నిమిషాల నీళ్లు అక్కడ పోస్తే, కాలేది కాలుతుంది, కాలనిది కూడా కాలుతుంది. కాలేదాన్ని వదిలేసి, కాలనిదాన్ని తడపాలి. ఇంత చిన్న లెక్క. కాకపోతే కాలేది పెద్దాయనది, కాలనిది కౌలుదారుది.

"తిప్పు, పాక మీదకు తిప్పు! ఒక్క పైపే!" అన్నాను.

"సార్, ఆయన..."

"ఆయన్ని తర్వాత ఆర్పుదాం. తిప్పు!"

నీళ్లు తాటాకు కప్పు మీద పడ్డాయి. పెద్దాయన ఒక క్షణం అర్థం కానట్టు చూశాడు. ఆయన పుట్టి బుద్ధెరిగాక నీళ్లు, కాలవ నీళ్లయినా సరే, తన పొలం దాటి ఇంకొకరి పొలంలో ముందు పడటం చూసి ఉండడు.

"ఎవరయ్యా నువ్వు? నీ పైవోడెవడు?" అంటూ ఫోనులో ఎవరికో నా గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

పాక తడిసింది. కానీ నిప్పురవ్వలు పాక దాటి ఎగిరి కల్లం మీద పడుతున్నాయి. మా పాత ఫైర్‌మ్యాన్ పైపు చివర పట్టుకుని అటు పరుగెత్తాడు. ఆమె రెండు చేతులూ చాచి కాయకు అడ్డంగా నిలబడింది.

"నీళ్లు కొట్టమాక అన్నా! తడిస్తే పోద్ది మొత్తం!"

"కొట్టకపోతే కాలిపోద్దమ్మా!"

"ఆగు, ఆగన్నా, ఒక్క నిమిషం ఆగు!" అని ఆమె వెనక్కి తిరిగి భర్త మీద అరిచింది. "ఏందయ్యా సూస్తన్నావు, పట్టాలు లాగు! మంచుకి కప్పుతామే, ఆ పట్టాలు!"

మీటింగులో ఆలోచించి చెబుతానన్న జవాబు ఆమే ఆలోచించి, ఆమే చెప్పింది. రాత్రిళ్లు మంచు పడకుండా కాయ మీద కప్పే టార్పాలిన్ పట్టాలు కల్లం పక్కనే చుట్టి ఉన్నాయి. ఆడవాళ్లందరూ కలిసి కుప్ప మీదకు లాగారు. మేం పట్టాల మీద సన్నగా నీళ్లు చల్లాం. రవ్వలు పడటం, చుయ్యిమనడం, చావడం. నీళ్లు పట్టాల మీద నుంచి జారి నేలలోకి పోయాయి, కాయ తడవలేదు.

ఒక మూల మాత్రం పట్టా చాలలేదు. అక్కడ కాయ అంటుకుంది. మిరపకాయ పొగ ఎలా ఉంటుందో ఇంట్లో తాలింపు మాడినప్పుడు చూసే ఉంటారు. దాన్ని బస్తాల లెక్కన హెచ్చించి చూసుకోండి, ఊరి మీదకు వదలండి. ఫోన్లతో వీడియోలు తీస్తున్నవాళ్లు, సలహాలిస్తున్నవాళ్లు, ఈలలు వేస్తున్నవాళ్లు అందరూ ఒకేసారి దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ రోడ్డు దాకా పరుగెత్తారు. జనాన్ని వెనక్కి జరపడం మా ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని. దాన్ని అంత తేలిగ్గా చేసిన సాధనం నేను మళ్లీ చూడలేదు. పెద్దాయన కూడా ఫోనులో ఎవరికో "వాడి పేరు... వాడి పేరు..." అని దగ్గుతూనే వెళ్లాడు. నా పేరు ఆయన దగ్గులో పోయింది. ఆమె మాత్రం కదల్లేదు. కొంగు ముక్కుకు కట్టుకుని, కాలుతున్న మూలను పారతో విడదీసి అవతలికి తోసింది.

ట్యాంకు అడుగంటి పైపు బుడగలు కక్కే వేళకు ఎవరిదో ట్రాక్టరు, నీళ్ల ట్యాంకు తగిలించుకుని వచ్చింది. దానితో మిగతాది చల్లార్చాం. పాక నిలబడింది. ఆ మూల తప్ప మిరపకాయలన్నీ మిగిలాయి. పెద్దాయన వాము ఉన్నచోట నల్లటి గుండ్రటి మచ్చ మిగిలింది.

స్టేషనుకు వచ్చేసరికి మా ఆఫీసరుకు ఫోన్లు వచ్చేసి ఉన్నాయి. ఆయన మంచివాడు, అందుకని ఎవరినీ ఏమీ అనలేడు.

"నీ లెక్క కరెక్టేనయ్యా. నేను కాదన్నానా? కానీ ఊరికే, చూసేవాళ్ల కోసం, ఆయన వాము మీద కూడా కాస్త చల్లి ఉండాల్సింది."

"చల్లాం సార్, మొదట్లో. ఆవిరయింది."

"ఆయనకు కనపడేటట్టు చల్లాలి," అన్నాడు ఆఫీసరు. ఈ సూత్రం ఏ పుస్తకంలోనూ లేదు, మీరు రాసుకోండి.

నేను మాత్రం లోలోపల పొంగిపోతూనే ఉన్నాను. లెక్క సరిపోయింది. ఒక వాము పోయింది, ఒక సంసారం నిలబడింది. ఇంతకన్నా మంచి మారకం ఏ కొట్టులో జరుగుతుంది? ఆమె ఎప్పుడో ఒకప్పుడు కృతజ్ఞత చెప్పడానికి వస్తుందని కూడా అనుకున్నాను. వచ్చింది. తొలకరి ముందు, పొద్దున్నే, భర్తను స్టేషను గేటు బయట నిలబెట్టి ఒక్కతే లోపలికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"కాయ అమ్మారా అమ్మా?"

"అమ్మాం అన్నా. పొగ వాసనొస్తందని కొనేవోడు రేటు తగ్గించాడు, అయినా పోయింది. అది కాదు నేనొచ్చింది." ఆమె కొంగు బిగించుకుంది. "పెద్దాయన ఈ ఏడు పొలం ఇయ్యనంటన్నాడు."

"ఎందుకని?"

"ఎందుకేంది? ఆయన వాము కాలనిచ్చి మా కాయ కాపాడుకున్నామంట. నేనే నిన్ను అడిగి నీళ్లు ఇటు తిప్పించుకున్నానంట. ఊరంతా చెప్పాడు. వేరే వోళ్లని అడిగితే, ఆయనతో మాకెందుకంటన్నారు. నారు పోయించుకున్నాం. పొలం లేదు." ఆ తర్వాత మాట మెల్లగా వచ్చింది. "నువ్వు ఆ రోజు ఆయన వాము మీద ఎందుకు కొట్టలేదన్నా?"

నేను పది నిమిషాల నీళ్ల లెక్క చెప్పబోయాను. ఆమె వినిపించుకోలేదు.

"అదంతా నాకు తెల్సు. కాయ కాపాడావు. ఇప్పుడు పొలం కూడా నువ్వే ఇప్పించాల. వచ్చి ఆయనకి చెప్పు."

"ఏం చెప్పను?"

"ఏదోటి చెప్పు. లెక్కలు నీకొచ్చుగా!"

పక్కనే బండి తుడుస్తున్న డ్రైవర్ గుడ్డ విదిలించి, "పో అన్నా, నీ నీళ్ల లెక్క ఆయన పొలం మీద పారలేదు," అన్నాడు.

నిజమే. లీటర్లు, గాలి, ఎండు తాటాకు అన్నీ కలిపాను. ఆమె కాయ పండింది ఎవరి పొలంలో అన్నది కలపలేదు. నా చొక్కా మార్చుకుని, వాళ్లిద్దరూ ఎక్కిన ఆటో వెనకాలే బైకు మీద బయలుదేరాను.

పెద్దాయన వసారాలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. చుట్టూ ఎప్పటి మనుషులే. నన్ను గుర్తుపట్టి కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఏందయ్యా, మళ్లీ కొలవటానికొచ్చావా?"

దారి పొడుగునా కట్టుకున్న లెక్క అప్పుడు బయటికి తీశాను. "లేదండీ. ఆ రోజు సంగతి మీకు సరిగా అందలేదని తెలిసి వచ్చాను. మా బండిలో నీళ్లలో మూడొంతులు మీ వాము మీదే కొట్టాం. మిగిలిన అడుగు నీళ్లే పాక మీద చల్లాం."

"మూడొంతులా?" అన్నాడాయన.

"మూడొంతులండీ. ఇంకెవరి వాము అయినా ఆరిపోయేది. మీ వాము మా బండికి మించింది. అంత వాము ఈ చుట్టుపక్కల ఊళ్లలో నేనెక్కడా చూడలేదు. దానికి కనీసం నాలుగు బళ్లు రావాలి. ఆ మాట పైవాళ్లకు కూడా చెప్పాను."

చివరి ముక్కల్లో వాము సైజు, బళ్ల సంఖ్య నిజాలే. ముందు చెప్పిన భాగమే నేను నా జీవితంలో చెప్పిన ఒకే ఒక తప్పుడు లెక్క. అది చెప్పేటప్పుడు నా గొంతు ఎంత స్థిరంగా ఉందో విని నాకే ఆశ్చర్యం వేసింది.

పెద్దాయన తన మనుషుల వైపు తిరిగాడు. ఆయన ముఖంలో అప్పటిదాకా ఉన్న కోపం మెల్లగా గర్వంలోకి మారింది. "నేనప్పుడే చెప్పలా? నాలుగు బళ్లు కావాలంట మన వాముకి! మన వాము మీద కొట్టకుండా తిప్పేంత దమ్ము ఈళ్లకి యాడిది?"

"యాడిది అసలు!" అన్నారు మనుషులు. ఈసారి ఆలస్యం లేకుండా.

ఆయన గుమ్మం కింద నిలబడ్డ ఆమె వైపు చూసి చేయి ఊపాడు. "ఏమ్మే, నిలబడ్డావేంది? పోయి దుక్కి దున్నించుకో. అదును పోతంది."

ఆమె, భర్త దణ్ణం పెట్టి కదిలారు. నేనూ వాళ్ల వెంట బయటికి వచ్చాను. బజారు మలుపు దాకా వాళ్ల నడకకు తగ్గట్టు బైకు నెమ్మదిగా నడిపాను. అక్కడ ఆమె ఆగి నా వైపు తిరిగింది. ఇప్పుడైనా ఒక మంచి మాట అంటుందని బైకు ఆపాను.

"ఈ ముక్క ఆ రోజే చెప్పుంటే మాకీ తిరుగుడు తప్పేదిగా అన్నా!" అంది. భర్తను ట్రాక్టరు మాట్లాడటానికి పంపించి, తాను గబగబా పొలం వైపు నడిచింది.